మార్జిన్‌లో నేను రాసింది

జూలై 4, శుక్రవారం

మ్యాట్నీ చూసి వచ్చాను. ఒళ్ళు మండుతోంది.

ఉదయ్‌కుమార్ బతుకుని రెండుంపావు గంటల్లో అమ్మేశారు. పేరు మార్చి విక్కీ అన్నారు. నరసాపురాన్ని 'ఓ చిన్న ఊరు' అన్నారు. కానీ క్యాసెట్ అట్ట మీది ఆ పసుపు చొక్కా వాడిదే, ఎడమ చేత్తో మైకు పట్టుకునే తీరూ వాడిదే. ఈ జిల్లాల్లో నలభై దాటినవాళ్ళకి విప్పి చెప్పక్కర్లేదు. రెండువేల ఒకటిలో వాడి పాప్ పాట మోగని ఆటో లేదు. దానికి ముందు నాలుగేళ్ళు వాడు మా కళాసంస్థ 'గళం'లో డప్పు వాయిస్తూ ఊరూరా పాడాడన్న సంగతి మాత్రం సినిమాలో అర నిమిషం కూడా లేదు. ఎందుకుంటుంది? జనం కోసం పాడిన సంస్థలేవీ ఈ రాష్ట్రంలో ఎన్నడూ లేవు మరి.

తెర కంటే హాలునే ఎక్కువగా చూశాను. జేబు పుస్తకంలో రాసుకున్నాను. మొదటి పాటకి సెల్‌ఫోన్ల లైట్లన్నీ గాల్లోకి లేచాయి. విక్కీ తాగి స్టేజీ మీద పాట మర్చిపోయినప్పుడు నవ్వారు, అదేదో కామెడీ సీనన్నట్టు. తర్వాత అసలుది. భార్య పాత్ర అతన్ని గదిలో పెట్టి గొళ్ళెం వేసి, "నీ పాట కంటే నా ఇల్లు ముఖ్యం" అంటుంది. హాలంతా ఒక్కసారిగా ఊళ వేసింది. నా వెనక వరసలో ఒకడు "ఇదే చంపేసిందిరా" అన్నాడు. పక్కనున్న ఆడపిల్లలు కూడా అవునన్నారు. చివర తెర నల్లబడి ఒక గొంతు వినిపిస్తుంది: అతను తన బాధ ఎవరికీ చెప్పుకోలేదు. అప్పుడు ఏడ్చారు.

మగవాడు కూలిపోతే పక్కనున్న ఆడది తోసిందనడం ఈ సమాజానికి కొత్త కాదు. దీని మీద పది పేజీలు రాస్తానని పత్రిక సంపాదకుడు సురేష్‌బాబుకి ఫోన్ చేసి చెప్పాను. ఇరవయ్యో తేదీకి కావాలన్నాడు.

ఆ ఆఖరి వాక్యం గురించి వ్యాసంలో రాయనక్కర్లేదు. అది సినిమావాళ్ళ ఊహ.

జూలై 5

ఆ ఆఖరి వాక్యం గురించి రాయనక్కర్లేదు.

జూలై 6, ఆదివారం

మళ్ళీ వెళ్ళాను. ఒక్కసారి చూసి సిద్ధాంతం చేయకూడదు. మా ఆవిడ ఫణిశ్రీని రమ్మంటే, బ్యాంకు పని ఇంటికి తెచ్చుకున్నానంది. "ఇది మూడోసారి కదండీ? తిట్టడానికి రెండుసార్లు చూస్తే చాలదా?" అంది. రెండోసారే అన్నాను. నిన్న ఫస్ట్ షోకి వెళ్ళిన సంగతి ఎలా తెలిసిందో.

గొళ్ళెం సీనుకి ఇవాళ చెప్పు విసిరారు. నిజంగా చెప్పే. తెర కింద పడింది. విసిరినవాడు వెళ్ళి తెచ్చుకుంటుంటే చప్పట్లు కొట్టారు.

ఇంటికి రాగానే ఫేస్‌బుక్‌లో రాశాను. 'ఈ చెప్పు తెర మీద పడలేదు, నరసాపురంలో బతికున్న ఒక మనిషి ముఖాన పడింది. ఆమెకి క్షమాపణ చెప్పాల్సింది దర్శకుడు మాత్రమే కాదు, ఊళ వేసిన ప్రతివాడూ.' అన్నం తినేలోపు ఆరువందల మంది మెచ్చుకున్నారు. ఎదురు వాదించిన వాళ్ళకి ఒక్కొక్కరికీ జవాబిచ్చాను. ఒకతను, మీరు అతనికి స్నేహితులట కదా, మీకేమీ తెలియదా అని అడిగాడు. అతన్ని బ్లాక్ చేశాను. వ్యక్తిగత దాడికి నేను జవాబు చెప్పను.

జూలై 8, మంగళవారం

కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం వాళ్ళకి ద్రవ్యోల్బణం చెబుతుండగా ఫోన్. కొత్త నంబరు. తరవాత చేశాను.

వెంకటదుర్గ. ఉదయ్ భార్య. ఇరవై ఏళ్ళ తర్వాత గొంతు వింటున్నాను. నేను రాసింది ఎవరో చూపించారట. థాంక్స్ చెప్పడానికి చేసిందట. నా చెవులు వేడెక్కాయి. ఫరవాలేదమ్మా, అది నా బాధ్యత అన్నాను. బాధ్యత అనే మాట నాకు ఎంత సులువుగా వస్తుందో.

ఆమె అరుగు మీద లేసు అల్లకం నడుపుతుందట. కంపెనీ ఇచ్చిన దారం ఎనిమిది మందికి పంచి పని చేయించి ఇస్తుంది. సినిమా వచ్చినప్పటి నుంచి పనికి వచ్చే ఆడవాళ్ళే ఆమె గేటు వేసినప్పుడల్లా ఆ డైలాగు అంటున్నారట, నవ్వుతూనే. ఇద్దరు పని మానేశారు. ఏడవలేదు. వర్షం పడిందని చెప్పినట్టు చెప్పింది.

తర్వాత అడిగింది. "మాస్టారండీ, ఆయన మీ సంస్థకి ఒక కాగితం ఇచ్చారు. నాలుగు పేజీలు. ఆయన చేతులు వణుకుతుంటే, ఆయన చెప్తుంటే నేను రాశాను. అది ఉందాండి మీ దగ్గర?"

లేదమ్మా, అన్నాను. పాత ఆఫీసులోకి వరద నీళ్ళొచ్చినప్పుడు అన్నీ పోయాయన్నాను.

"సరేనండి," అంది.

వరద నీళ్ళొచ్చిన మాట నిజం. కాగితాలు పోయిన మాట కూడా కొంత నిజం.

జూలై 9

అది బీరువా కింది అరలో, మినిట్స్ పుస్తకాల పక్కన ఉంది. ఉందని నాకు మొన్నా తెలుసు, నిన్నా తెలుసు.

ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తాను. పాప్ సంగీతంలోకి వెళ్ళి మూడేళ్ళ తర్వాత, రెండువేల నాలుగు నవంబరులో ఉదయ్ గళానికి తిరిగి వస్తానన్నాడు. అప్పుడు కార్యదర్శిని నేను. వెళ్ళిపోయినవాడు తిరిగి రావాలంటే ఆత్మవిమర్శ పత్రం రాసివ్వాలి, అది మా పద్ధతి. తప్పులు తానే ఒప్పుకుని రాస్తే కమిటీ చదివి నిర్ణయిస్తుంది. వాడు రాసిచ్చాడు. వాడి కోసం దుర్గ రాసింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఆ చేతిరాత వాడిది కాదని ఇరవై ఏళ్ళలో నేను ఒక్కసారి కూడా గమనించలేదు.

అందులో ఉన్నది: 'నెలన్నరగా నిద్ర లేదు. చుట్టూ ఎవరూ లేనప్పుడు చప్పట్లు వినిపిస్తున్నాయి. అవి ఆగడానికి తాగుతున్నాను. దుర్గ కాకినాడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆరు నెలలు స్టేజీ ఎక్కొద్దన్నారు. మందులేసుకుంటే నాలుక మొద్దుబారి పాట పలకట్లేదు. కానీ చప్పట్లు తగ్గాయి. నాకు ఆరు నెలలు సెలవిప్పించండి. ఈలోపు ఎవరైనా పిలిస్తే ఆగలేక పోతానని నా భయం. అలా పోబోతే గదిలో పెట్టి గొళ్ళెం వేయమని దుర్గకి నేనే చెప్పాను.'

గొళ్ళెం వేయమని వాడే చెప్పాడు.

మార్జిన్‌లో ఎర్ర పెన్ను. అది నా రాత. చప్పట్ల పక్కన: 'మార్కెట్ సంస్కృతి మిగిల్చిన భ్రమ.' డాక్టరు పక్కన: 'జనం మధ్య ఉండటమే మందు.' గొళ్ళెం పక్కన: 'భార్య ప్రభావం. చర్చించాలి.' అడుగున: 'ఇది ఆత్మవిమర్శ కాదు, ఆత్మజాలి. సెలవు కుదరదు. మందులు ఆపి, గొంతు సిద్ధం చేసుకుని పదహారు రోజుల కళాయాత్రకి రావాలి. కార్యదర్శి.'

వచ్చాడు. పదకొండో రోజున పాలకొల్లులో పాట మర్చిపోయాడు. జనం నవ్వారు. స్టేజీ మీదే పడిపోయాడు. రెండు నెలలకి పోయాడు. ముప్ఫై మూడేళ్ళు.

జూలై 10

నేను డాక్టరుని కాను. ఆ రోజుల్లో మనసుకి జబ్బు చేస్తుందని ఎవరికి తెలుసు? అందరం అలాగే మాట్లాడేవాళ్ళం. ఒక్క వ్యాఖ్య వల్ల మనిషి పోతాడా? వాడి లివరు అప్పటికే పాడయింది. యాత్రకి రావడం రాకపోవడం వాడి ఇష్టం. కమిటీలో ఏడుగురం ఉన్నాం, నేనొక్కణ్ణే కాదు. సమష్టి నిర్ణయం.

కమిటీకి నేను ఆ కాగితం చదివి వినిపించలేదు. సారాంశం చెప్పాను. 'సెలవడుగుతున్నాడు' అన్నాను.

జూలై 11

వ్యాసం: శీర్షిక పెట్టాను. అంతే.

జూలై 13, ఆదివారం

ఫైలు సంచిలో పెట్టుకుని నరసాపురం బస్సెక్కాను. ఇచ్చేసి వద్దామనే. పాలకొల్లులో బస్సు ఆగింది. ఇక్కడి ప్రేక్షకుల స్పందన కూడా చూడాలి కదా, రాజమండ్రి ఒక్కటే చూసి రాస్తే ఏకపక్షం అవుతుందని దిగిపోయాను. నిజంగా అలా అనుకునే దిగాను.

ఇక్కడ హాల్లో కుటుంబాలు ఎక్కువ. చంటిపిల్లలు, చేగోడీల పొట్లాలు. ఊళలు తక్కువ, మాటలు ఎక్కువ. ముందు వరసలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ముఖాలు చూస్తే తెలుస్తోంది, సినిమా పొడుగునా తెరతోనే మాట్లాడారు. తాగుతుంటే ఒద్దురా అన్నారు. గొళ్ళెం సీనుకి చెల్లెలు నాలుగు తిట్టింది. ఆఖరి వాక్యం వచ్చింది. ఎవరికీ చెప్పుకోలేదు.

"ఒక్కరితో చెప్పుంటే బతికేవాడు కదే," అంది అక్క ముక్కు చీదుతూ. "ఒక్కరంటే ఒక్కరు లేకపోయారా పాపం."

"చెప్పాడు," అన్నాను.

గట్టిగానే వచ్చింది. నా గొంతు మైకుల్లేకుండా మైదానాల్లో అరిచిన గొంతు. నాలుగు వరసలు తిరిగి చూశాయి. అక్క భర్త లేచి, ఏంటండి అన్నాడు, కోపంగా కాదు, ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు. ఏం లేదండి అన్నాను. ఆయన నాకు నీళ్ళ సీసా ఇచ్చాడు. తాగాను. తిరుగు బస్సెక్కాను.

నరసాపురం అక్కడి నుంచి అరగంట.

జూలై 14

ఫైలు బల్ల మీద వదిలేశాను. కావాలనే వదిలానేమో. కాలేజీ నుంచి వచ్చేసరికి ఫణిశ్రీ చదివేసింది.

వివరించబోయాను. ఆనాటి పరిస్థితి, నిర్బంధం, సంస్థ బతకడమే కష్టమైన రోజులు. ఈ సినిమా స్త్రీద్వేషాన్ని ఎండగడుతూ రాస్తున్నాను కదా, ఆవిడకి అదే న్యాయం అన్నాను. ఫణిశ్రీ మడత పెడుతున్న బట్టలు ఆపలేదు.

"ఆవిడ మిమ్మల్ని వ్యాసం అడగలేదండీ. కాగితం అడిగింది."

రాత్రి భోజనాల దగ్గర ఆమె ఉప్పు అడిగితే ఇచ్చాను.

జూలై 16, బుధవారం

సురేష్‌బాబుకి చెప్పాను. ఎగిరి గంతేశాడు. మణిశంకర్, ఇది చారిత్రక పత్రం బ్రదర్ అన్నాడు. నాలుగు పేజీలూ ఫొటో తీసి వేద్దాం, ఉద్యమాల పరిమితుల మీద ముందుమాట రాయి, తెలుగులో ఇలాంటిది రాలేదన్నాడు. నీ పేరు కూడా అక్కర్లేదు, కార్యదర్శి అని ఉందిగా, ఆ పదవిలో చాలామంది చేశారన్నాడు.

మూడు పేజీల ముందుమాట కూర్చున్న పళంగా వచ్చింది. బాగా వచ్చింది. 'ఒక తరం తన గాయాలకు పేరు పెట్టలేకపోయిన కాలం' అనే వాక్యం దగ్గర నాకే కళ్ళు చెమర్చాయి. ఎక్కడా 'నేను' అని లేదు. వెతికాను. ఒక్కటీ లేదు.

జూలై 17

దుర్గకి ఫోన్ చేసి కాగితం దొరికిందన్నాను. అబద్ధం చెప్పానని చెప్పలేదు. దొరికిందన్నాను.

"ఆదివారం రండి," అంది.

జూలై 20, ఆదివారం

తిరుగు బస్సులో రాస్తున్నాను. గీతలు తిన్నగా రావడం లేదు.

గోదావరి రేవుకి రెండు వీధులివతల ఇల్లు. అరుగు మీద ఐదుగురు ఆడవాళ్ళు, ఒళ్ళో తెల్ల దారం, వేళ్ళ మధ్య సూదులు. నేను లోపలికి వెళ్ళి కూర్చుని, తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా ఇద్దామనుకున్నాను. దుర్గ అరుగు మీదే కుర్చీ వేసింది. జుట్టు బాగా నెరిసింది. వాళ్ళతో, రాజమండ్రి నుంచి మాస్టారొచ్చారు అంది. అంతకు మించి చెప్పలేదు.

ముందుమాట పైన పెట్టి ఇచ్చాను. టైపు చేయించిన కాగితాలు చూసి ఇదేంటండి అని అడిగింది. అర్థం కావడానికి నాలుగు మాటలు అన్నాను. మొదటి పేరా చదివింది, పెదవులు కదుపుతూ. మడిచి నాకే ఇచ్చేసింది.

"ఇది మీ వాళ్ళకండి. మాకు అర్థం కాకపోవడానికేం లేదు."

తర్వాత నాలుగు పేజీలు తీసింది. తన అక్షరాలు చూసుకుంది. ఒక చోట వేలు పెట్టి, ఇక్కడ ఆయన కాసేపు ఏమీ చెప్పలేదు, చుక్క పెట్టి కూర్చున్నాను అంది. ఆ చుక్క మిగతా వాటి కంటే లావుగా ఉంది.

"ఆయన ఇది మీ చేతికిచ్చి ఇంటికొచ్చి, చదువుతామన్నారు అన్నారండి. చదివారా?"

చదివానన్నాను.

"ఈ ఎర్ర రాతలు నాకు తెలియవు. అప్పుడు లేవు. ఇక్కడే చదవండి, అన్నీ. నాది, దాని పక్కన అది. వీళ్ళంతా సినిమా చూశారు."

అలాగే అన్నాను. వేరే ఏమనగలను? ఇరవైవేల మంది సభలో మాట్లాడాను నేను. ఆరుగురి ముందు కాగితాలు రెండుసార్లు సర్దుకున్నాను. దగ్గి మొదలుపెట్టాను. ఒక మాట వాడిది, ఒక మాట నాది. గొళ్ళెం దగ్గరికి వచ్చేసరికి ఎవరో 'అమ్మా' అన్నారు. భార్య ప్రభావం, చర్చించాలి, అని చదివాను. అడుగున కార్యదర్శి అని చదివి ఆపాను.

సభల్లో నేను ముగిస్తే చప్పట్లుంటాయి, లేకపోతే ఎవరో ఒకరు ప్రశ్న పేరుతో ఉపన్యాసం ఇస్తారు. ఇక్కడ అవేవీ లేవు. పాపాయి అని, అందరిలోకి చిన్నావిడ, దారం పళ్ళతో తెంపి అడిగింది.

"ఆ కార్యదర్శి ఇప్పుడున్నాడాండి?"

ఉన్నాడన్నాను.

"ఎక్కడ?"

దుర్గ నా వైపు చూడలేదు. దారం ఉండ చుడుతోంది. నేను చెప్పకపోతే ఆమె చెప్పేది కాదు. అది నాకు అర్థమైంది. లేచి నమస్కారం పెట్టి, బస్సు టైమైందని వెళ్ళిపోతే వెళ్ళనిచ్చేది కూడా.

"నేనేనమ్మా," అన్నాను.

పాపాయి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "అంటే మందులు మీరు మానిపించారా?"

"ఆనాటి పరిస్థితుల్లో..."

"పరిస్థితులు కాదండి. మీరు."

"నేనే మానిపించాను."

ఎన్నాళ్ళు తిప్పారని ఇంకొకామె అడిగింది. పదకొండు రోజులన్నాను. తిండి సరిగా పెట్టారా అని అడిగింది. ఏ ఊళ్ళో ఎవరింట్లో భోజనమో గుర్తు చేసుకుని చెప్పాను. అతను పడిపోయినప్పుడు పక్కనెవరున్నారని అడిగారు. నేను స్టేజీ వెనక మర్నాటి ఊరి కార్యకర్తతో మాట్లాడుతున్నాను. అదే చెప్పాను. పన్నెండో రోజు తనే పాలకొల్లు వెళ్ళి తెచ్చుకున్నానని దుర్గ అంది. అప్పటి నుంచి ఎవరు పిలిచినా గొళ్ళెం వేసిందట. లోపలి నుంచి వాడు తిట్టేవాడట, తెల్లారి దండం పెట్టేవాడట. ఒక రోజు ఆమె బజారుకి వెళ్ళొచ్చేసరికి ఎవరో వచ్చి గొళ్ళెం తీసి వాణ్ణి తీసుకుపోయారు. ఎవరో ఇప్పటికీ తెలియదంది. నాకూ తెలియదు. అది మాత్రం నేను కాదు, అని నోటిదాకా వచ్చింది. అనలేదు.

క్షమించమని అడగాలనిపించింది. అడిగాను కూడా. దుర్గ విన్నది. పత్రికలో వేస్తాం, మీ పేరు నిలబడుతుంది అన్నాను.

"మీ పత్రిక మా వీధికి రాదు కదండీ," అంది. "వేసుకోండి. ముందు వీళ్ళు విన్నారు, చాలు."

కాగితాలు మడవబోయాను. పాపాయి ఆపింది.

"ఉండండి. సూర్యకాంతమ్మ లోపల కాఫీ పెడుతోంది. ఆవిడ వినలేదు." గుమ్మం వైపు తిరిగి కేకేసింది. "పిన్నీ, కాఫీ దించేసి రా. రోజూ గేటు దగ్గర ఆ డైలాగు చెప్తావుగా, ఇది విను."

సూర్యకాంతమ్మ చేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చింది. డెబ్భై ఉంటాయి. దుర్గని చూసింది, నన్ను చూసింది, ఏం జరిగిందో తెలియక నవ్వబోయి మానేసింది. పాపాయి జరిగి చోటిచ్చింది. కూర్చుంది.

"మొదటి నుంచండి," అంది పాపాయి.

మొదటి పేజీ నుంచి మళ్ళీ చదివాను. ఈసారి కార్యదర్శి అని ఉన్నచోట మణిశంకర్ అని చదివాను.